అగ్నివీర్ వాయు సైన్స్ పరీక్ష: తెలుగు మీడియం ఎంపీసీ వాళ్లం ఎలా చదవాలి?

వంశధార_కుర్రాడు (శ్రీకాకుళం జిల్లా)

అందరికీ నమస్కారం. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. ఎంపీసీ, తెలుగు మీడియం. ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నికల్ వైపు వెళ్లాలని పదో తరగతి నుంచీ అనుకుంటున్నాను. అందుకే అగ్నివీర్ వాయు, అంటే ఎయిర్‌ఫోర్స్‌లో నాలుగేళ్ల ఉద్యోగానికి పెట్టే పరీక్షకు చదువుతున్నాను. మా ఊళ్లో ఆర్మీకి వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు కానీ ఎయిర్‌ఫోర్స్ పరీక్ష రాసినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

నాకు లెక్కలు బాగానే వచ్చు. ఫిజిక్స్ కూడా పరవాలేదు. కానీ ఒక మాక్ టెస్ట్ తెరిస్తే ప్రశ్నలన్నీ ఇంగ్లీషు, హిందీల్లోనే ఉన్నాయి. తెలిసిన పాఠమే తెలియనట్టు కనిపిస్తోంది. టైమ్ అయిపోయేసరికి సగం కూడా చూడలేకపోతున్నాను. ఇంగ్లీషు మీడియం వాళ్లకే ఈ ఉద్యోగం అని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా? కోచింగ్‌కి వెళ్లే స్తోమత ఇంట్లో లేదు. ఇంటి దగ్గరే చదివి కొట్టొచ్చా?

రాడార్_ఫిట్టర్_రిటైర్డ్ (విజయనగరం)

బాబూ, నేను అగ్నివీర్ రాకముందు పాత పద్ధతిలో ఎయిర్‌ఫోర్స్ టెక్నికల్ ట్రేడ్లలో (గ్రూప్ ఎక్స్) చేరి, సర్వీసు పూర్తి చేసి వచ్చినవాణ్ని. మా రోజుల్లో కూడా ప్రశ్నపత్రం తెలుగులో ఉండేది కాదు. మా బ్యారక్‌లో నాతో ఉన్న తెలుగువాళ్లలో ఎక్కువమంది పల్లెటూరి బడుల్లో తెలుగులో చదువుకున్నవాళ్లే. కాబట్టి మీ ఫ్రెండ్స్ మాట పక్కన పెట్టు.

చదువు గురించి మాస్టార్లు ఎవరైనా చెబుతారు. దానికంటే ముందు ఒక పని చెయ్యి. దగ్గర్లో ఉన్న కంటి ఆసుపత్రికి వెళ్లి చూపు, కలర్ విజన్ రెండూ పరీక్ష చేయించుకో. చుక్కల్లో అంకెలు కనిపెట్టే ఇషిహారా పుస్తకం అక్కడ ఉంటుంది. అయిదు నిమిషాల పని. ఏడాదంతా రాత్రింబవళ్లు చదివి, పరీక్ష పాసై, పరుగు పాసై, చివరికి మెడికల్‌లో కలర్ విజన్ దగ్గర ఆగిపోయిన పిల్లల్ని చూశాను. అప్పటిదాకా తమకా లోపం ఉందని వాళ్లకే తెలియదు. ఆ ఏడుపు చూడలేం.

చూపుకైతే కొంత వెసులుబాటు ఉంది. రెండు కళ్లకూ విడివిడిగా 6/12 ఉండి, అద్దాలతో 6/6కి, అంటే మామూలు చూపుకి, రావాలి. దూరం సరిగా కనపడని లోపానికి అద్దాల పవర్ మైనస్ 1 దాటకూడదు. లేసిక్ (కంటికి చేసే లేజర్ ఆపరేషన్) చేయించుకుంటే సరిపోతుందని ఎవరైనా చెబితే వినొద్దు. ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను తీసుకోరు.

ఫిజిక్స్_మాస్టారు (నల్గొండ)

రిటైర్డ్ గారు చెప్పింది అక్షరాలా పాటించు తమ్ముడూ. ఇక పరీక్ష సంగతి.

సైన్స్ సబ్జెక్టుల పేపర్ 60 నిమిషాలు, 70 ప్రశ్నలు. ఇంగ్లీషు 20, గణితం 25, ఫిజిక్స్ 25. సరైన జవాబుకు ఒక మార్కు, తప్పుకు పావు మార్కు కోత. వదిలేస్తే సున్నా. మూడు సబ్జెక్టుల్లోనూ విడివిడిగా క్వాలిఫై కావాలి. ఈ చివరి మాట గట్టిగా పట్టుకో. లెక్కల్లో 25కి 25 తెచ్చుకుని ఇంగ్లీషులో తప్పితే నీ లెక్కలు ఎందుకూ పనికిరావు.

సిలబస్ ఇంటర్ స్థాయే. జేఈఈ అంత లోతు అడగరు. అక్కడ ఒక ప్రశ్నలో మూడు పాఠాలు కలిపి అడుగుతారు, ఇక్కడ ఒక పాఠంలోని ఒక సూత్రాన్నే అడుగుతారు. కాకపోతే ప్రశ్నకు సగటున 51 సెకన్లే దొరుకుతాయి. ఆ 51 సెకన్లలో ప్రశ్న చదవడం, అర్థం చేసుకోవడం, సూత్రం గుర్తు తెచ్చుకోవడం, లెక్క కట్టడం, జవాబు నొక్కడం అన్నీ అయిపోవాలి. తెలుగు మీడియం పిల్లలు పోగొట్టుకునేది ఎక్కువగా మొదటి రెండు పనుల్లోనే. ఫిజిక్స్ వాళ్లకు వచ్చు. ఆ ప్రశ్న ఏ పాఠంలోదో పోల్చుకునేలోపే అరనిమిషం గడిచిపోతుంది.

మా కాలేజీ పిల్లల చేత నేను చేయించేది ఇదీ. ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ తీసుకో. పాఠం పాఠానికీ ఎడమవైపు నీ తెలుగు పుస్తకంలోని మాట, కుడివైపు ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లీషు పుస్తకంలోని మాట రాసుకో. ద్రవ్యవేగం ఎదురుగా మొమెంటమ్, ప్రచోదనం ఎదురుగా ఇంపల్స్, జడత్వ భ్రామకం ఎదురుగా మొమెంట్ ఆఫ్ ఇనర్షియా, తలతన్యత ఎదురుగా సర్ఫేస్ టెన్షన్, స్నిగ్ధత ఎదురుగా విస్కాసిటీ. కుడివైపు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి, ఎందుకంటే కంప్యూటర్ తెరమీద కనబడేది ఆ రూపమే. ఫిజిక్స్, మ్యాథ్స్ కలిపి ఒక నాలుగైదు వందల మాటలు దాటవు. ఇంగ్లీషు భాష మొత్తం నేర్చుకోనక్కర్లేదు. ఈ నాలుగైదు వందల మాటలు కన్ను పడగానే అర్థమైతే పేపర్ సగం దారికి వస్తుంది.

వంశధార_కుర్రాడు

సార్, ఇది నాకెవరూ చెప్పలేదు. ఇవాళే మొదలుపెడతాను. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు కొనాలా? మా దగ్గర తెలుగు అకాడమీ పుస్తకాలే ఉన్నాయి.

ఫిజిక్స్_మాస్టారు

కొనక్కర్లేదు. ఎన్‌సీఈఆర్‌టీ సైట్లో ఉచితంగానే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పాఠం అర్థం చేసుకోవడానికి తెలుగు అకాడమీ పుస్తకమే చదువు, అది నీకు బాగా అలవాటైనది. లెక్కలు మాత్రం ఇంగ్లీషు పుస్తకంలోంచి చెయ్యి. అర్థం ఒక భాషలో, అభ్యాసం ఇంకో భాషలో. కొన్నాళ్లకి ఆ తేడా నీకే తెలియకుండా పోతుంది.

లెక్కల_పిచ్చి (గుంటూరు)

మ్యాథ్స్ గురించి నేను చెప్తా. పోయిన సారి ఈ పరీక్ష రాసి ప్రొవిజనల్ సెలక్షన్ లిస్టులో ఉన్నాను.

ఇంటర్‌లో మనకు ఏడు మార్కుల ప్రశ్నలకు స్టెప్పులు రాయడం అలవాటు. ఇక్కడ స్టెప్పులు ఎవరూ చూడరు. ఆ అలవాటు మానడానికే నాకు ఎక్కువ టైమ్ పట్టింది. ఉదాహరణకి, ఒక సమాకలనం ఇచ్చి నాలుగు ఆప్షన్లు ఇచ్చారనుకోండి. సమాకలనం చేస్తూ కూర్చోకుండా ఆప్షన్లను అవకలనం చేసి చూస్తే చాలాసార్లు పది సెకన్లలో తేలిపోతుంది. ఎన్ పదాల మొత్తానికి సూత్రం ఏది అని అడిగితే ఎన్‌కి 1, 2 పెట్టి చూడండి, మూడు ఆప్షన్లు అక్కడే ఎగిరిపోతాయి. త్రికోణమితిలో ఏ కోణానికైనా నిజమయ్యే సూత్రం అడిగితే 30 డిగ్రీలో, 45 డిగ్రీలో పెట్టి చూడండి. (సున్నా, 90 పెట్టకండి. రెండు మూడు ఆప్షన్లు ఒకేలా వచ్చేస్తాయి.)

మాత్రికలు, నిర్ధారకాలు, సంభావ్యత, శ్రేఢులు, సరళరేఖలు, వృత్తాలు, అవధులు. ఇవి ముందు పూర్తి చేయండి. తక్కువ టైమ్‌లో మార్కులొచ్చే పాఠాలు ఇవే. ప్రస్తారాలు సంయోగాలు చివర్లో పెట్టుకున్నా పరవాలేదు, ఒక్కో ప్రశ్న రెండు నిమిషాలు తినేస్తుంది.

ఇరవై దాకా ఎక్కాలు, ముప్పై దాకా వర్గాలు, పదిహేను దాకా ఘనాలు నోటికి రావాలి. క్యాలిక్యులేటర్ ఉండదు.

కడప_రన్నర్

తెలియని ప్రశ్న జోలికే వెళ్లకూడదని మా కోచింగ్ సార్ పదే పదే చెప్పేవారు. నెగటివ్ మార్కులు ముంచేస్తాయంట. వంశధార తమ్ముడూ, నువ్వు కూడా వచ్చినవే చెయ్యి, మిగతావి వదిలెయ్యి.

లెక్కల_పిచ్చి

అన్నా, ఇక్కడ నేను ఒప్పుకోను. లెక్క వేసి చూద్దాం. నాలుగు ఆప్షన్లు, తప్పుకు పావు మార్కు కోత. అసలేమీ తెలియని 16 ప్రశ్నలు గుడ్డిగా పెట్టామనుకో. సగటున 4 తగులుతాయి, 12 తప్పుతాయి. నాలుగు మార్కులు వచ్చి మూడు పోతాయి. మిగిలేది ఒకటి. అంటే గుడ్డిగా పెట్టడం వల్ల పెద్ద లాభమూ లేదు, మునిగిపోయేదీ లేదు. ఆ ఒక్క మార్కు కోసం టైమ్ పాడుచేసుకోకూడదు, అంతవరకూ మీ సార్ మాట కరెక్టే.

కానీ రెండు ఆప్షన్లు కచ్చితంగా తప్పని తెలిసిన ప్రశ్న సంగతి వేరు. అలాంటివి 16 పెడితే 8 తగులుతాయి, 8 తప్పుతాయి. ఎనిమిది వచ్చి రెండు పోతాయి, ఆరు మిగులుతాయి. కటాఫ్ దగ్గర ఆరు మార్కులంటే మాటలా? "వచ్చినవే చెయ్యి" అని పట్టుకుని ఇలాంటివి వదిలేస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. రెండు కొట్టేయగలిగితే పెట్టు. ఒక్కటి కూడా కొట్టేయలేకపోతే ముందుకు పో.

ఫిజిక్స్_మాస్టారు

చక్కగా చెప్పావు. ఫిజిక్స్‌లో ఆప్షన్లు కొట్టేయడానికి మితులు బాగా పనికొస్తాయి. వేగం అడిగిన చోట జవాబుకు త్వరణం ప్రమాణాలు వస్తుంటే, లెక్క చేయకుండానే దాన్ని తీసేయొచ్చు. అందుకే "ప్రమాణాలు, కొలత" చిన్న పాఠమని దాటేయకండి.

ఇంకొకటి. సూత్రం బట్టీ పడితే సరిపోదు, కారణం తెలిసుండాలి. ఒక తీగను సాగదీసి పొడవు రెట్టింపు చేస్తే నిరోధం ఎంతవుతుంది? ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. పొడవు రెట్టింపు కాబట్టి నిరోధం రెట్టింపు అని పిల్లలు పెట్టేస్తారు. కానీ తీగలోని లోహం అంతే ఉంది, ఘనపరిమాణం మారలేదు. పొడవు రెట్టింపైతే మధ్యచ్ఛేద వైశాల్యం సగమవుతుంది. కాబట్టి నిరోధం నాలుగు రెట్లు. ఇదే కారణం తెలిసుంటే, పొడవు మూడు రెట్లని అడిగినా తొమ్మిది రెట్లని అరక్షణంలో చెప్పేస్తావు.

సెకనుకు 20 మీటర్ల వేగంతో పైకి విసిరిన బంతి ఎంత ఎత్తు పోతుంది లాంటివి నోటితోనే చేయాలి. గురుత్వ త్వరణం 10 అనుకుంటే, 400ని 20తో భాగించు, 20 మీటర్లు. పెన్ను ముట్టుకోకూడదు.

ప్రవాహ విద్యుత్తు, గతిశాస్త్రం, పని శక్తి సామర్థ్యం, కిరణ దృశాశాస్త్రం, అర్ధవాహకాలు. ఈ అయిదూ ముందు గట్టి చేసుకో. అర్ధవాహకాల పాఠం ఇంటర్‌లో చివర్లో ఉంటుంది కాబట్టి కాలేజీల్లో హడావుడిగా ముగించేస్తారు. లాజిక్ గేట్లు, డయోడ్లు నువ్వే కూర్చుని చదువుకోవాలి. రేపు నువ్వు చేయబోయే పనికి కూడా అవే పునాది.

రాడార్_ఫిట్టర్_రిటైర్డ్

మాస్టారూ, ఈ చివరి మాటకు మీకు దండం. లాజిక్ గేట్లు పరీక్ష కోసమే అనుకుంటారు పిల్లలు. మా ట్రేడ్ ట్రైనింగ్‌లో మొదటి వారాలన్నీ వాటితోనే గడిచాయి.

నీలి_ఆకాశం (ఖమ్మం)

నమస్తే. ఆడపిల్లలు కూడా ఈ పరీక్ష రాయొచ్చా? నాది ఇంగ్లీషు మీడియం ఎంపీసీ, 88 శాతం ఉంది. మా కాలేజీలో అడిగితే ఎయిర్‌ఫోర్స్ అంటే అబ్బాయిలకే అన్నారు.

మాధవరం_అబ్బాయి (పశ్చిమ గోదావరి)

రాయొచ్చు చెల్లీ. అగ్నివీర్ వాయులో అమ్మాయిల మొదటి బ్యాచ్ 2023లోనే బెళగావిలో ట్రైనింగ్ పూర్తి చేసింది. పేపర్ ఒకటే, మార్కులు ఒకటే. పరుగులో మాత్రం తేడా. 1.6 కిలోమీటర్లు అబ్బాయిలు 7 నిమిషాల్లో, అమ్మాయిలు 8 నిమిషాల్లో పూర్తి చేయాలి. ఎన్ని ఖాళీలు ఉన్నాయన్నది నోటిఫికేషన్‌ను బట్టి ఉంటుంది. పెళ్లి కాకుండా ఉండాలన్న నియమం ఇద్దరికీ ఉంది.

మాది మాధవరం. మిలిటరీ మాధవరం అంటారే, ఆ ఊరే. ఇంటికొకరు చొప్పున సైన్యంలో ఉంటారు. ఇన్నాళ్లూ ఆర్మీయే. ఇప్పుడు మా వీధిలో ఇద్దరు అమ్మాయిలు ఎయిర్‌ఫోర్స్‌కి చదువుతున్నారు. పొద్దున్నే మాతోపాటు గ్రౌండ్‌కి వస్తారు.

నీలి_ఆకాశం

థ్యాంక్స్ అన్నయ్యా. మా నాన్నకి ఈ పోస్ట్ చూపిస్తాను.

కడప_రన్నర్

గ్రౌండ్ మాట వచ్చింది కాబట్టి చెప్తా. నాకు ఇందులో అనుభవం ఉంది.

7 నిమిషాలు అంటే తేలిగ్గానే కనిపిస్తుంది. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండుకి 105 సెకన్లు. అయితే అది పాస్ మార్కు మాత్రమే. ఆ రోజు ఊరుగాని ఊరు, రాత్రి రైల్లో నిద్ర ఉండదు, చుట్టూ వందల మంది. ఇంటి దగ్గర 6 నిమిషాల్లోపు వచ్చేవాడికి అక్కడ టెన్షన్ ఉండదు. ఇంటి దగ్గర 6.50 వచ్చేవాడు అక్కడ దేవుణ్ని తలుచుకోవాల్సిందే.

చాలామంది పరీక్ష రిజల్ట్ వచ్చాక పరిగెత్తడం మొదలుపెడతారు. అప్పుడు దొరికే కొద్ది వారాల్లో ఒక్కసారిగా స్పీడ్ పెంచి కాలి ఎముక ముందువైపు నొప్పి తెచ్చుకుంటారు. అది ఒకసారి పట్టుకుంటే వారాలు కూర్చోబెడుతుంది. చదువుతోపాటే మొదలుపెట్టు తమ్ముడూ. మొదటి నెల స్పీడ్ వద్దు, మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత నెమ్మదిగా 3 కిలోమీటర్లు. తర్వాత వారానికి ఒక్క రోజు 400 మీటర్లు గట్టిగా, రెండు నిమిషాలు నడక, మళ్లీ 400, అలా నాలుగైదు సార్లు. తారు రోడ్డు మీద వద్దు, చెరువు గట్టో, కాలేజీ గ్రౌండో, మట్టి నేల చూసుకో. మొదటి రౌండులో అందరితో పాటు ఎగబడొద్దు. పుషప్స్, సిటప్స్, స్క్వాట్స్ కూడా ఉంటాయి. రోజూ కొన్ని చొప్పున చేస్తూ ఉంటే అవి సమస్య కాదు.

ఒక_తల్లి (సూర్యాపేట)

మా అబ్బాయి కూడా దీనికే చదువుతున్నాడు. మీరందరూ ఇంత ఓపిగ్గా చెబుతుంటే సంతోషంగా ఉంది. నాకు ఒక భయం ఉంది బాబూ. నాలుగేళ్ల తర్వాత పంపేస్తారంట కదా. ఇంజనీరింగ్ సీటు వచ్చే పిల్లాడిని ఇటు పంపి, ఇరవై రెండేళ్లకి ఇంటికి తిరిగొస్తే వాడి బతుకేంటి? వాడితో ఇది మాట్లాడితే కోపమొస్తుంది. ఇక్కడ తెలిసినవాళ్లు నిజం చెప్పండి.

రాడార్_ఫిట్టర్_రిటైర్డ్

అమ్మా, మీ ప్రశ్న న్యాయమైనది. దాచకుండా చెప్తాను.

మేము చేరినప్పుడు ఇరవై ఏళ్ల సర్వీసు, తర్వాత పెన్షన్. 2022 జూన్‌లో అగ్నివీరులను తీసుకునే అగ్నిపథ్ పథకం వచ్చాక అది మారింది. ఇప్పుడు నాలుగేళ్లు. అందులో 25 శాతం వరకు రెగ్యులర్‌గా తీసుకుంటారు. మిగతావాళ్లు బయటికి రావాలి. పెన్షన్ ఉండదు, గ్రాట్యుటీ ఉండదు. మొదటి ఏడాది నెలకు 30 వేలు, నాలుగో ఏడాదికి 40 వేలు. అందులో 30 శాతం సేవానిధి అనే పొదుపు నిధికి పోతుంది, అంతే మొత్తం ప్రభుత్వం వేస్తుంది. నాలుగేళ్ల చివర అది వడ్డీ కాకుండా 10.04 లక్షలు. దానిమీద పన్ను లేదు. సర్వీసులో ఉన్నంతకాలం 48 లక్షల బీమా.

దేశానికి ఈ పద్ధతి మంచిదా కాదా అన్నదానిమీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. విమానం దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు నిజంగా చేతికి అందివచ్చేది నాలుగో ఏట. అప్పుడు వాణ్ని పంపేయడం నాకు నచ్చదు. కానీ మీ అబ్బాయి ముందున్నది ఈ దారే కాబట్టి దీని గురించే మాట్లాడాలి.

నేను చెప్పేదేమిటంటే, లోపలికి వెళ్లేటప్పుడే రెండు పనులు మనసులో పెట్టుకోవాలి. ఒకటి, 25 శాతంలో ఉండాలి. నాలుగేళ్ల పనితీరును చూసే తీసుకుంటారు, కాబట్టి మొదటి రోజు నుంచీ పరీక్షే అనుకోవాలి. రెండు, డిగ్రీ వదలకూడదు. అగ్నివీరుల కోసం దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నో డిగ్రీ ఉంది. సర్వీసులో నేర్చుకున్న పనికే సగం క్రెడిట్లు ఇస్తారు. బయటికి వచ్చాక కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో మాజీ అగ్నివీరులకు 2022లో 10 శాతం రిజర్వేషన్, వయసు సడలింపు ప్రకటించారు. వాడికి మంచి ఇంజనీరింగ్ సీటు ఖాయంగా వచ్చేలా ఉంటే, కూర్చోబెట్టి రెండూ పక్కపక్కన పెట్టి మాట్లాడండి. వాడికి చదవాలని ఉండి, ఫీజు కట్టే దారి ఇంట్లో లేకపోతే, ఇది మంచి మెట్టే.

ఫిజిక్స్_మాస్టారు

అమ్మా, మీ అబ్బాయి జేఈఈ మెయిన్ రాస్తున్నాడా? రాస్తుంటే ఇంకో దారి ఉంది, మన దగ్గర చాలామందికి తెలియదు. ఆర్మీలో 10+2 టెక్నికల్ ఎంట్రీ స్కీమ్. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కలిపి 60 శాతం ఉండి, జేఈఈ మెయిన్ రాసి ఉండాలి. విడిగా రాత పరీక్ష లేదు. ర్యాంకును బట్టి షార్ట్‌లిస్ట్ చేసి నేరుగా ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు) అయిదు రోజుల ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఎంపికైతే చదువు, భోజనం, బస అంతా ప్రభుత్వానిదే. ఇంజనీరింగ్ డిగ్రీ చేతికొస్తుంది, లెఫ్టినెంట్‌గా ఆఫీసర్ ఉద్యోగం వస్తుంది. ఆ ఇంజనీరింగ్ నేర్పే మూడు కాలేజీల్లో ఒకటి మన సికింద్రాబాద్‌లోనే ఉంది, మిలిటరీ కాలేజ్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీరింగ్ (ఎంసీఈఎంఈ). నేవీలో కూడా ఇలాంటిదే 10+2 బీటెక్ ఎంట్రీ ఉంది, కేరళలోని ఎళిమలలో చదివిస్తారు. దానికి 70 శాతం కావాలి.

మన పిల్లలు జేఈఈ మెయిన్ వేల సంఖ్యలో రాస్తారు. ర్యాంకు రాగానే కౌన్సెలింగ్ గొడవలో పడి ఈ రెండింటికీ దరఖాస్తే పెట్టరు. సీట్లు తక్కువ, ఎస్‌ఎస్‌బీ కష్టం, నిజమే. కానీ దరఖాస్తు పెట్టకుండా వదిలేయడం మాత్రం నాకు బాధగా ఉంటుంది.

ఒక_తల్లి

రాస్తున్నాడు మాస్టారూ. ఇది మాకు ఎవరూ చెప్పలేదు. ఇవాళ రాత్రికే వాడితో మాట్లాడతాను. మీకు రుణపడి ఉంటాం.

మెకానికల్_డిప్లొమా (అనంతపురం)

అన్నలూ, నాది ఇంటర్ కాదు, పాలిటెక్నిక్ మెకానికల్. నేను అర్హుణ్నేనా? మా డిప్లొమాలో చివరి ఏడాది ఇంగ్లీషు సబ్జెక్టు లేదు.

లెక్కల_పిచ్చి

అర్హుడివే. మూడేళ్ల డిప్లొమాలో మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, ఆటోమొబైల్, కంప్యూటర్ సైన్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్, ఐటీ ఉన్నాయి. మొత్తం మీద 50 శాతం, ఇంగ్లీషులో విడిగా 50 శాతం. డిప్లొమాలో ఇంగ్లీషు లేకపోతే ఇంటర్ లేదా పదో తరగతి ఇంగ్లీషు మార్కులు చూస్తారు. అయితే పేపర్ మాత్రం ఇంటర్ ఫిజిక్స్, మ్యాథ్సే. డిప్లొమా వాళ్లు ఫిజిక్స్ మొదటి ఏడాది తర్వాత వదిలేసి ఉంటారు. నీ టైమ్‌లో సగం దానికే పెట్టు.

ఇంటర్ వాళ్లకు కూడా ఇదే నియమం, మొత్తం 50, ఇంగ్లీషు 50. ఫిజిక్స్ మ్యాథ్స్‌కి నూటికి నూరు తెచ్చుకుని ఇంగ్లీషులో 45తో బయటపడినవాళ్లు దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు. వంశధార తమ్ముడూ, బోర్డు పరీక్షల్లో ఇంగ్లీషుని చిన్నచూపు చూడకు.

వంశధార_కుర్రాడు

ఫస్టియర్ ఇంగ్లీషులో 71 వచ్చింది. పరవాలేదు కదా. పరీక్షలో ఇంగ్లీషు 20 ప్రశ్నలకి ఏం చదవాలి? గ్రామర్ పుస్తకం తెరిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు.

ఇంగ్లీషు_టీచరమ్మ (రాజమహేంద్రవరం)

నాయనా, గ్రామర్ పుస్తకం మొదటి పేజీ నుంచి చదవకు. టెన్సులు, కర్తకు తగ్గ క్రియ, ప్రిపొజిషన్లు, యాక్టివ్ పాసివ్, డైరెక్ట్ ఇండైరెక్ట్. ఈ అయిదింటికీ రోజుకి పది ప్రశ్నల చొప్పున చెయ్యి. తప్పయిన ప్రశ్న మాత్రమే నోట్‌బుక్‌లో ఎక్కించు, ఆదివారం ఆ పేజీలు మళ్లీ చదువు. నీ తప్పులు నాలుగైదు రకాలే ఉంటాయి. అవే తిరిగి తిరిగి వస్తుంటాయి. వాటిని పట్టుకుంటే మార్కులు వాటంతటవే పెరుగుతాయి.

పేరా ఇచ్చి ప్రశ్నలడిగే చోట తెలుగు మీడియం పిల్లలు మనసులో ప్రతి వాక్యాన్నీ తెలుగులోకి మార్చుకుంటూ చదువుతారు. అందుకే ఆలస్యం. రోజూ ఒక చిన్న పేరా పైకి చదువు. అర్థం కాని మాట దగ్గర ఆగకు. ముందు మొత్తం చదివి, ఏం జరిగిందో ఒక్క ముక్కలో చెప్పుకో. ఆ తర్వాతే డిక్షనరీ తెరువు. పైకి చదవడం ఇంట్లో సిగ్గనిపిస్తే డాబా మీదికి వెళ్లి చదువు. మానొద్దు.

కడప_రన్నర్

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆర్మీ అగ్నివీర్ ఆన్‌లైన్ పరీక్ష 2025 నుంచి తెలుగులో కూడా రాయొచ్చు. మొత్తం 13 భాషల్లో పెట్టారు. ఎయిర్‌ఫోర్స్ మీదే మనసున్నా, ఆర్మీ టెక్నికల్‌కి కూడా దరఖాస్తు పెట్టు. నేవీ ఎస్‌ఎస్‌ఆర్ (సీనియర్ సెకండరీ రిక్రూట్) కూడా పెట్టు, ట్రైనింగ్ ఒడిశాలోని నేవీ కేంద్రం ఐఎన్‌ఎస్ చిలికాలో, మీ శ్రీకాకుళం నుంచి రైల్లో దగ్గరే. చదివే చదువు దాదాపు ఒకటే, కాస్త సైన్సు, జీకే కలుపుకోవాలి.

ఎయిర్‌ఫోర్స్ పేపర్ కూడా తెలుగులో ఎందుకు పెట్టకూడదని నాకు అనిపిస్తుంది. ఆర్మీ పెట్టగలిగింది కదా.

రాడార్_ఫిట్టర్_రిటైర్డ్

మెయింటెనెన్స్ మాన్యువళ్లు, విమానం ఫారాలు ఇంగ్లీషులో ఉంటాయి, చదవడం రావాలి. ఆ మాట నిజం. కానీ అది ట్రైనింగ్‌లో నేర్పితే వస్తుంది, మాకూ అలాగే వచ్చింది. పరీక్ష తెలుగులో పెడితే మంచి చేతులు ఇంకా ఎన్నో దొరుకుతాయని నా నమ్మకం. పెట్టేదాకా మన పిల్లలు ఆ నోట్‌బుక్‌తోనే నెగ్గాలి.

మాధవరం_అబ్బాయి

ఒక హెచ్చరిక. పరీక్ష పాసైన లిస్టు రాగానే ఫోన్లు వస్తాయి. "మెడికల్‌లో మనవాళ్లున్నారు, ఇంత ఇస్తే చేయిస్తాం" అంటారు. మా పక్క ఊళ్లో ఒక కుటుంబం పొలం తాకట్టు పెట్టి ఇచ్చింది. ఆ కుర్రాడు తన సొంత కష్టంతోనే పాసయ్యాడు, డబ్బు మాత్రం ఆ బ్రోకర్ తిన్నాడు. ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకండి. మెడికల్‌లో తాత్కాలికంగా అన్‌ఫిట్ చేస్తే అప్పీల్ చేసుకునే అవకాశం ఉంటుంది, దానికి వాళ్లే కాగితం ఇస్తారు.

మెడికల్‌కి ముందు చేయాల్సినవి చిన్నవే. చెవుల్లో గులిమి డాక్టర్ దగ్గర తీయించుకోండి, పిన్నీసు పెట్టి మీరే తీయకండి. పుచ్చిన పళ్లు పూడ్పించుకోండి. కొత్తగా పచ్చబొట్లు వేయించుకోకండి.

వంశధార_కుర్రాడు

అందరికీ ఒక అప్‌డేట్. టెక్కలిలో కళ్లు చూపించుకున్నాను. రెండూ 6/6, కలర్ విజన్ కూడా బాగుందన్నారు. నోట్‌బుక్‌లో ఫిజిక్స్ మాటలు పూర్తయ్యాయి, మ్యాథ్స్ నడుస్తోంది. నిన్న మాక్ టెస్ట్‌లో మొదటిసారి 70 ప్రశ్నలూ చూడగలిగాను. 38 మార్కులు వచ్చాయి. ఇంగ్లీషులో ఇంకా 9 దగ్గరే ఉన్నాను.

మాక్ టెస్టులు రోజూ రాయాలా?

ఫిజిక్స్_మాస్టారు

శభాష్. రోజూ వద్దు. వారానికి రెండు చాలు. ఒక టెస్ట్ 60 నిమిషాలు రాస్తే, దాన్ని విప్పి చూసుకోవడానికి రెండు గంటలు పెట్టు. తప్పయిన ప్రతి ప్రశ్న పక్కనా ఒక అక్షరం రాసుకో. సూత్రం తెలియకపోతే సూ, లెక్క తప్పితే లె, ఇంగ్లీషు అర్థం కాకపోతే ఇం, టైమ్ లేకపోతే టై. నెలాఖరున ఏ అక్షరం ఎక్కువుందో చూడు. వచ్చే నెల దానిమీదే పని చెయ్యి.

ఇంకా, ఫోన్లో కాకుండా కంప్యూటర్ మీద రాయి. మౌస్‌తో నొక్కడం, రఫ్ పేపర్ మీద చేసి తెర వైపు చూడడం అలవాటు కావాలి. మీ కాలేజీ ల్యాబ్‌లోనో, మండలంలో ఉన్న ఇంటర్నెట్ సెంటర్లోనో వారానికి ఒక గంట అడిగి చూడు.

లెక్కల_పిచ్చి

ఇంగ్లీషు 20 ప్రశ్నలూ 12 నిమిషాల్లో ముగించే టార్గెట్ పెట్టుకో. అప్పుడు మిగతా 50 ప్రశ్నలకి 48 నిమిషాలు ఉంటాయి. రెండు రౌండ్లుగా చెయ్యి. మొదటి రౌండులో చూడగానే వచ్చేవి మాత్రమే. పెన్ను పెట్టి మూడు లైన్లు దాటుతోందంటే మార్క్ చేసి వదిలెయ్యి. షిఫ్టుల మధ్య మార్కులు నార్మలైజ్ చేస్తారు, అంటే పేపర్ కష్టాన్ని బట్టి సర్దుతారు, కాబట్టి పేపర్ కష్టంగా వచ్చిందని మధ్యలో కంగారు పడకు. నీకు కష్టమైతే ఆ షిఫ్టులో అందరికీ కష్టమే.

వంశధార_కుర్రాడు

అలాగే అన్నా. నోటిఫికేషన్ పడితే ఇక్కడే చెప్తాను. దరఖాస్తుకి ఏవి సిద్ధంగా పెట్టుకోవాలి?

మాధవరం_అబ్బాయి

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్. మూడింట్లోనూ నీ పేరు, నాన్నగారి పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకో. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండటం మన దగ్గర మామూలే. ఆధార్‌లో సరిచేయించుకోవడానికి వారాలు పడుతుంది, నోటిఫికేషన్ పడ్డాక పరిగెడితే అందదు. ఫొటో, సంతకం, వేలిముద్ర స్కాన్ చేసి పెట్టుకో. దరఖాస్తు నువ్వే నింపు, సెంటర్ వాళ్లతో నింపించినా మెయిల్, ఫోన్ నంబరు నీవే ఇవ్వు. అడ్మిట్ కార్డు ఆ మెయిల్‌కే వస్తుంది.